భేష్ మేడం పెట్టని సంతకం

మా మరదలిని ఈ వీధిలో అందరూ భేష్ మేడం అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే తనే ఓ క్షణం తడుముకుంటుంది. మా తమ్ముడి భార్య. నాది టైలరింగ్ షాపు. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, ఇస్త్రీ బల్ల. వెనక గదిలో ఒకప్పుడు నా గుడ్డముక్కల మూటలుండేవి. ఇప్పుడు మధ్యలో మందపాటి కర్టెను, దాని వెనక రెండు కుర్చీలు, చిన్న బల్ల, గోడ గడియారం. అక్కడ కూర్చుని మా మరదలు మనుషులకు కోచింగ్ ఇస్తుంది. "దేనికే కోచింగు? పరీక్షలకా?" అని మొదటిరోజే అడిగాను. "బతకడానికి వదినా" అంది. నాకు ఒళ్ళు మండింది. యాభై ఆరేళ్ళు ఏ కోచింగూ లేకుండా బతికినదాన్ని నేను.

అలాగని ఊరికే ఆడిపోసుకోను. దీనికి ముందు ఆ పిల్ల ఏం పడిందో నాకు తెలుసు. ఒక కంపెనీ ఫిర్యాదుల విభాగంలో పదకొండేళ్ళు ఫోనులెత్తింది. ఫ్రిజ్ చల్లబడలేదని ఒకడు, తెచ్చినవాడు మెట్ల మీద గీతలు పెట్టాడని ఇంకొకావిడ, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా తిట్లే తిట్లు. అన్నిటికీ "క్షమించండి సార్" అనడమే ఉద్యోగం. ఆఖరికి ఇంట్లో ఫోను మోగినా బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. ఒకరోజు మా తమ్ముడు ఎంత కొట్టినా తలుపు తీయలేదు. వాడు ఏడుస్తూ నాకు కబురు చేస్తే, నేను వెళ్ళి తీయించాను. బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. "వదినా, నాలో ఒక్కటైనా బాగున్నది చెప్పండి" అంది. నాకు ఠక్కున నోరాడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తరవాత ఎవరో చెబితే ఈ చదువులో చేరింది. సెలవు రోజుల్లో రెండేళ్ళు చదివింది. సానుకూల మనస్తత్వ శాస్త్రమట. మనిషిలో ఏం చెడిందా అని తవ్వడం ఒక్కటే కాదు, ఏం బాగుందో వెతికి పట్టుకుని దాన్ని పెంచడం కూడా ఒక విద్యేనట. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు రాసుకోవాలి, అవి ఎందుకు బాగా జరిగాయో కూడా రాయాలి. తను రాసింది. నవ్వడం మళ్ళీ వచ్చింది, ఫోను మోగితే ఎత్తడం వచ్చింది. కళ్ళారా చూశాను, కాదనను. తనను నిలబెట్టిన విద్య కాబట్టి దాన్ని నెత్తిన పెట్టుకుంది. తప్పేముంది? కాస్త ఎక్కువ ఎత్తున పెట్టుకుంది, అంతే.

షాపు నాది. కాబట్టి షరతులు నేను పెట్టాలి. పెట్టింది మాత్రం తను. "కర్టెన్ అవతల మాటలు మీకు వినపడవు వదినా" అంది. "నాకేమైనా చెవుడా?" అన్నాను. "వినపడినా వినపడనట్టే. అవి వాళ్ళ మాటలు, మనవి కావు. ఎవరితోనూ అనకూడదు, నాతో కూడా అనకూడదు." సరే అని మాటిచ్చాను. లోపల మనిషి ఉన్నంతసేపూ మిషను తొక్కుతూ ఉండేదాన్ని. కానీ దారం మార్చాలంటే మిషను ఆపాలి కదా! ఆ కాసేపట్లో నా చెవిన పడేది ఒకటే మాట, "భేష్! భేష్!" అని. లెక్కల మాస్టారు పదిమందిలో మాట్లాడితే భేష్. బ్యాంకులో రిటైరైన పెద్దాయన పొద్దున్నే లేచి నడిస్తే భేష్. "నేను రోజుకు ఆరు జాకెట్లు కుడుతున్నాను, నాకు లేదేమే భేష్?" అని ఏడిపించేదాన్ని.

అలా ఉండగా వచ్చాడు పైవాడు.

పైవాడంటే దేవుడు కాదు. వెనక వీధి దాటితే పెద్ద కట్టడం లేస్తోంది, పద్దెనిమిది అంతస్తులది. అక్కడి క్రేన్ ఆపరేటర్. ఆకాశంలో చిన్న అద్దాల గదిలో కూర్చుని పదిహేడేళ్ళుగా బరువులు ఎత్తి దించే మనిషి. కూలీలు సరదాగా పెట్టుకున్న పేరు. కింద ఎవరైనా పని ఎగ్గొట్టి కూర్చుంటే "ఒరే, పైవాడు చూస్తున్నాడు" అని నవ్వుకునేవారట. ఆయనకూ ఆ పేరు ఇష్టమే.

రెండు నెలల కిందట ఆయన దించుతున్న ఇనుప చువ్వల మోపు గాల్లో ఊగి, ఒరిగి, చువ్వలు జారి కింద పడ్డాయి. ప్రాణాలు పోలేదు. ఒక మేస్త్రీ కాలు విరిగింది. మోపుకు ఇనుప తాడు సరిగా బిగించలేదని తేల్చి, కింద బరువు కట్టి చేతి సైగలతో పైకి చెప్పే సిగ్నల్‌మ్యాన్‌ని పనిలోంచి తీసేశారు. పైవాడి తప్పేమీ లేదన్నారు. అయినా ఆయన ఆ రోజు నుంచి మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. ఇంకొకాయన్ని తాత్కాలికంగా తెచ్చుకుని పని నడుపుతున్నారు. సైట్ మేనేజర్ మా మరదలి దగ్గరికి వచ్చి, ఆరు వారాలు కోచింగ్ ఇమ్మన్నాడు. ఆరు వారాలయ్యాక "ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు" అని సంతకం చేసిన కాగితం ఇస్తే, ఆ సోమవారం పది గంటలకు పైవాడు మళ్ళీ పైకి. లేకపోతే గోడౌనులో కూర్చుని సిమెంటు బస్తాలు చూసుకోవాలి. ఆయన తేడాగా ఉండి ఎక్కితే, కింద పనిచేసే వందమంది తలల మీద ఏం పడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మొదటిరోజు నాకు బాగా గుర్తు. మనిషి నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాడు. కాసేపటికి "ఆ రోజు, మేడం..." అని మొదలుపెట్టాడు. నేను సరిగ్గా అప్పుడే దారం ఎక్కిస్తున్నాను. మా మరదలు ఎంతో మెత్తగా "ఆ రోజును ప్రస్తుతానికి పక్కన పెడదామండీ. మీరు చాలా బాగా పనిచేసిన రోజు ఒకటి చెప్పండి" అంది. ఆయన ఆగాడు. తరవాత ఏదో చెప్పాడు, గాలివానలో ఎవరికీ దెబ్బ తగలకుండా బరువు దించిన సంగతి. "భేష్!" అంది తను.

ఏవో ప్రశ్నలు అడిగి ఆయనలో గట్టి గుణాలేమిటో తేల్చింది. అన్నిటికంటే పైన వచ్చింది, నమ్మినవాళ్ళను నిరాశపరచకపోవడం. అది విని తను ఎంత మురిసిపోయిందో! ఒక నోటు పుస్తకం ఇచ్చి రోజూ మూడు మంచివి రాయమంది. ఆయన రాసుకొచ్చాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ముత్యాల్లాంటి రాత. 'ఈరోజు మెట్లెక్కితే ఆయాసం రాలేదు, ఎందుకంటే నడక పెంచాను.' 'ఈరోజు క్రేనును చూస్తే సంతోషమేసింది, ఎందుకంటే అది నా తోటిపనివాడు.' తను పైకి చదివేది, భేష్ అనేది, ప్రతి శనివారం ఆయన అనుమతితోనే మేనేజరుకు ఒక్క ముక్క రాసి పంపేది, 'ప్రగతి చాలా బాగుంది' అని.

ఇక నా సంగతి. మూడో వారంలో పైవాడి భార్య నా దగ్గరికి వచ్చింది. ఆయన పనికి తొడుక్కునే నీలం ప్యాంట్లు రెండు, నడుము దగ్గర లోపలికి కుట్టాలంది. అంగుళంన్నర కుట్టాను. "నడక మొదలుపెట్టారు కదండీ" అని తనే చెప్పింది. సరేలే అనుకున్నాను. ఆరో వారం, శుక్రవారం, మళ్ళీ అవే ప్యాంట్లు. "సోమవారానికి కావాలండీ, ఇంకో రెండంగుళాలు తీయండి." టేపు పెట్టి చూశాను. ఆరు వారాల్లో మూడున్నర అంగుళాలు! నా అనుభవంలో అంత తొందరగా నడుము కరిగినవాళ్ళు రెండే రకాలు. ఒంట్లో జబ్బున్నవాళ్ళు, మనసులో జబ్బున్నవాళ్ళు. రోజుకు మూడు మంచివి జరుగుతున్నవాడు అన్నం మానేయడు. "తింటున్నారా?" అని అడిగాను. ఆవిడ నీళ్ళు నమిలింది. "మేడం గారితో అనకండి. ఆవిడ ఎంతో సంతోషపడుతున్నారట, ఆ సంతోషం చెడగొట్టొద్దన్నారు ఆయన" అంది.

శనివారం పొద్దున్నే ఆరో వారం కోచింగ్ అయిపోయింది. కాగితం టైపు చేసి బల్ల మీద పెట్టుకుంది మా మరదలు. సాయంత్రం అయిదింటికి మేనేజర్ వచ్చి తీసుకుపోతాడు. అప్పటికి మధ్యాహ్నం రెండు. నేను మిషను మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాను. మాట తప్పాలా, నోరు మూసుకోవాలా? మా తమ్ముడు చూస్తే ఊళ్ళో లేడు. ఉన్నా ఏం లాభం, పెళ్ళాం మీద ఈగ వాలనివ్వడు. లేచి కర్టెన్ తీశాను.

"సంతకం పెట్టకే" అన్నాను.

"ఏమైంది వదినా?"

"ఆ మనిషి బాగాలేడు. ఆరు వారాల్లో మూడున్నర అంగుళాలు తగ్గాడు. తిండి తినట్లేదు. నీ పుస్తకంలో రాసిందంతా నీ కోసం రాశాడు."

ఒంటికాలి మీద లేచింది. ఇన్నేళ్ళలో నా ఎదుట గొంతు పెంచని పిల్ల! "అంటే మీరు విన్నారన్నమాట! ప్రతి వారం విన్నారు! మాటిచ్చారు కదా నాకు?"

"విన్నాను. తిట్టుకో. ముందు ఆ కాగితం లోపల పెట్టు."

"మీకు మొదటి నుంచీ ఇదంటే వెటకారమే. ఎవరైనా బాగుపడితే మీకు నమ్మకం కుదరదు!"

ఆ మాట కాలింది నాకు. నిజం కూడా కొంచెం ఉంది కాబట్టి ఇంకా కాలింది. "నమ్మకం సంగతి నీకెందుకు? టేపు నమ్ము. టేపుకు మొహమాటం లేదు" అని ఆ నీలం ప్యాంటు తెచ్చి బల్ల మీద పరిచాను. మొదటి కుట్టు గీత, రెండో కుట్టు గీత. రెంటి మీదా వేలు పెట్టి చూపించాను. తను చాలాసేపు చూసింది. నోటు పుస్తకం తీసి పేజీలు తిప్పింది. "వదినా, ఇందులో ఒక్క చెడ్డరోజు కూడా లేదు. నలభై రోజుల్లో ఒక్కటి కూడా" అంది. తరవాత మెల్లిగా, "నేనే కదా వద్దన్నాను" అంది.

ఫోను చేసింది. మూడున్నరకు వచ్చాడు పైవాడు. నన్ను చూసి నవ్వాడు కూడా, పాపం. నేను మిషను తొక్కలేదు. తొక్కమని తనూ అనలేదు.

"ఇవాళ మంచివి వద్దండీ. ఆ రోజు సంగతి చెప్పండి" అంది మా మరదలు. "మొదటిరోజే మీరు చెప్పబోయారు. నేనే నోరు నొక్కాను. తప్పు నాది."

గడియారం చప్పుడు మాత్రం వినబడుతోంది. నాకు దాహమేసింది, లేవడానికి భయమేసింది.

"కట్టు ఊడలేదు మేడం" అన్నాడు ఆఖరికి. "నాకే కునుకు పట్టింది. ఒక్క రెప్పపాటు. ఉలిక్కిపడి లేచేసరికి చెయ్యి లీవరును అటు తోసేసింది. మోపు ఊగింది. వాడు కట్టింది ఎంత గట్టిగా కట్టినా అంత ఊపుకు ఆగదు. వాడిని తీసేసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. మాట్లాడలేదు. ఇంత పొడుగు మనిషిని, నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు." "ఇప్పుడు నిచ్చెన పట్టుకుంటే చాలు, నా కళ్ళ మీద నాకే నమ్మకం ఉండదు. మా మేడ మీద నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కి చూశాను మొన్న పొద్దున. అయిదు మెట్లెక్కి అరగంట అక్కడే ఉండిపోయాను. మా ఆవిడ వచ్చి దింపింది."

"మరి పుస్తకంలో..."

"మీరు అంత సంతోషపడుతుంటే చెడ్డవి ఎలా రాయను మేడం?"

నాకు వాణ్ణి చితకబాదాలనిపించింది. వాణ్ణా, మా మరదలినా, తేల్చుకోలేకపోయాను.

"సంతకం పెట్టండి మేడం" అన్నాడు. "పైకి వెళితే అదే కుదురుకుంటుంది. కింద నేనెవర్ని చెప్పండి? బస్తాలు లెక్కపెట్టుకునేవాణ్ణి. పైకి వెళ్ళనివ్వండి."

"పెట్టను. మీకు డాక్టరు కావాలి, నేను చాలను. ఈ సంగతి చెప్పాల్సింది కూడా నాకు కాదు." తన మాట ఏమాత్రం మెత్తబడలేదు. ఆయన లేచి, కర్టెన్ విసురుగా తోసి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ప్యాంట్లు మాత్రం తీసుకుపోయాడు.

అయిదింటికి మేనేజర్ వచ్చాడు. కాగితం లేదంది మా మరదలు. "ఆయన ఎక్కకూడదు. డాక్టరుకు చూపించండి" అంది. ఎందుకని అడిగాడు. ఎందుకో చెప్పడానికి వీల్లేదు, ఆ మాటలు ఆయనవి. మేనేజర్ ఫోను తీసి చదివాడు. "ప్రగతి చాలా బాగుంది. ప్రగతి చాలా బాగుంది. ఆరుసార్లు మీరే రాశారు కదమ్మా! ఇప్పుడీ పేచీ ఏమిటి? మీ కాగితం ఫైలు కోసం అడిగాను, అంతే. ఆయన 'నేను రెడీ' అని ఇందాకే ఫోను చేశాడు. సోమవారం ఎక్కుతాడు." జోడు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ జోళ్ళ చప్పుడుకు కూడా నాకు కోపం వచ్చింది.

ఆదివారమంతా తను పైవాడికి ఫోను చేస్తూనే ఉంది. ఎత్తలేదు. ఇంటికి వెళితే తలుపు తాళం. "నేను చెప్పేస్తాను మేనేజరుకు, నాకేం షరతులు?" అని నేను చెప్పులు వేసుకున్నాను. మా మరదలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "రేపు పది లోపల ఆయన నోటితో ఆయన చెప్పకపోతే నేనే చెబుతాను. వందమంది ప్రాణాలు వదినా, నాకు తెలుసు. కానీ ముందు ఆయనకు ఆ అవకాశం ఇవ్వాలి" అంది. ఇద్దరం ఆ రోజు సరిగ్గా తినలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకే సైటు దగ్గరున్నాం. గేటులో హెల్మెట్లు పెట్టించి లోపలికి పంపారు. దుమ్ము, సిమెంటు, ఎక్కడో ఇనుము కోస్తున్న కీచు చప్పుడు. దూరం నుంచి క్రేను పైకి చూస్తేనే నా మెడ పట్టేసింది. అంత ఎత్తున చిన్న అద్దాల గది. మేము ఆయన్ని గేటు దగ్గర పట్టుకుందామనుకున్నాం, ఆయన మాకంటే ముందే వచ్చేశాడు. మేము క్రేను చుట్టూ గీసిన పసుపు గీత దగ్గరికి చేరేసరికి నీలం ప్యాంటులో నిచ్చెన మీద ఉన్నాడు.

మా మరదలు పరుగెత్తింది. "ఆపండి!" అని అరిచింది మేనేజరుతో. "ఆపడమేమిటమ్మా, ఎక్కుతున్నాడుగా చక్కగా" అన్నాడాయన. నిజమే, చక్కగానే ఎక్కుతున్నాడు. ఒక అంతస్తు. రెండు. మూడో అంతస్తు ఎత్తుకు వెళ్ళి ఆగాడు.

అందరూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడనుకున్నారు. నిమిషం గడిచింది. రెండు. ఒక చెయ్యి పైమెట్టు మీద, ఒకటి ఛాతీ దగ్గర, మొహం నిచ్చెనకు ఆనించేశాడు. మోకాళ్ళు కొట్టుకోవడం కింద నుంచి కనిపిస్తోంది. పనులు ఆగిపోయాయి. కింద జనం మూగారు. "పైవాడా, పర్లేదు ఎక్కెయ్!" అని ఎవరో కేకేశారు. "నువ్వు చేయగలవన్నా!" అని ఇంకొకడు. ఒక వెల్డరు ఎక్కి పట్టుకొస్తానని కాలు పెట్టబోతే మా మరదలు చొక్కా పట్టి లాగేసింది. "మీ బరువుకు నిచ్చెన అదిరినా ఆయన చెయ్యి వదిలేస్తాడు" అంది. తరవాత మేనేజర్ చేతిలోని వాకీటాకీ లాక్కుంది. ఆయన అడ్డు చెప్పలేదు. జోళ్ళతో సహా బిగుసుకుపోయాడు. పైవాడి ఛాతీకి కూడా ఒక వాకీటాకీ తగిలించి ఉంది, మీట నొక్కక్కర్లేకుండా మాటకే పలికేది.

"నేనండీ" అంది తను.

పై నుంచి ఊపిరి చప్పుడు వచ్చింది.

"మీరు చేయగలరు అని నేను చెప్పను. నాకు తెలియదు. నా కాళ్ళు కూడా వణుకుతున్నాయి."

"దిగలేను మేడం. వేళ్ళు రావట్లేదు."

నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచాను, చూడకపోతే ఇంకా భయం.

"బరువు దించే ముందు మొట్టమొదట ఏం చూస్తారు మీరు?" అని అడిగింది.

"కింద మనుషులు లేకుండా చూస్తాను."

"ఇప్పుడున్నారా?"

నిచ్చెనకు ఆనించిన మొహం నెమ్మదిగా కదిలింది. పక్కకు తిరిగింది. కిందికి చూశాడు. కిందికి చూడడమే కదా పదిహేడేళ్ళుగా ఆయన ఉద్యోగం! "ఉన్నారు. ఇసక కుప్ప దగ్గర నలుగురు. మీ వెనక ఆరుగురు. మేనేజర్ గారు సరిగ్గా నా కింద."

"తప్పించండి."

"అందరూ పసుపు గీత అవతలికి పొండి" అన్నాడు. ఆ గొంతు వేరేలా ఉంది. "ఇసక దగ్గరవాళ్ళు కూడా. సార్, మీరూ." మేనేజర్ అందరికంటే ముందు ఉరికాడు. నవ్వొచ్చే సమయం కాదు కాబట్టి నవ్వలేదు.

"ఇప్పుడు ఎవరు సైగ చేస్తారండీ దించడానికి?"

మళ్ళీ మాట లేదు. ఆ మౌనం ఎందుకో మాకిద్దరికీ తెలుసు. అక్కడ ఇంకెవరికీ తెలియదు.

"ఎవరూ లేరు" అన్నాడు.

"అయితే మీరే చెప్పండి. బరువూ మీరే, సైగా మీరే. అంగుళం అంగుళం."

"కుడి కాలు" అంది వాకీటాకీ. "కిందికి. మెల్లగా. ఆపు." నిచ్చెన మీద కుడి కాలు గాల్లో వెతుక్కుని మెట్టు మీద ఆనింది. "ఎడమ చెయ్యి. వదులు. కిందికి. పట్టు. ఆపు." అలా ఒక్కో మెట్టూ. మధ్యలో ఒకసారి కాలు జారింది, కింద వందమంది ఒక్కసారే హా అన్నారు. "ఆపు, ఆపు, ఆపు" అని తనకు తనే చెప్పుకుని, ఊగడం తగ్గేదాకా ఉండి, మళ్ళీ మొదలుపెట్టాడు. మా మరదలు ఒక్క మాట కూడా కలపలేదు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నేల మీద రెండు కాళ్ళూ పెట్టాక "దిగింది" అన్నాడు, బరువు గురించి చెప్పినట్టే. అలాగే కూలబడ్డాడు.

చప్పట్లు కొట్టారు జనం. మేనేజర్ మంచినీళ్ళ సీసా తెచ్చి, "పర్లేదయ్యా, కంగారేం లేదు. ఇంకో రెండు వారాలు మేడం దగ్గరికి వెళ్ళు, తరవాత చూద్దాం" అన్నాడు. మా మరదలు పైవాడి ఎదురుగా ఆ మట్టిలోనే మఠం వేసుకుని కూర్చుంది, టైము పదీ నలభై అయినా గడియారం వైపు చూడకుండా. నాకు తెలుసు, ఇప్పుడు ఆయన చెప్పకపోతే తను లేచి చెబుతుంది. ఆయనకూ తెలిసినట్టుంది.

ఆయన నీళ్ళు తాగలేదు. సీసా పక్కన పెట్టాడు.

"సార్" అన్నాడు. "ఆ రోజు కట్టు ఊడలేదు. నేను కునుకు తీశాను. చెయ్యి నాదే."

చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి. మొత్తం చెప్పాడు, దాచకుండా, మేస్త్రీ కాలు సంగతి, తను నోరు మెదపకపోవడం, అన్నీ. పసుపు గీత అవతల ఒకడు థూ అని ఉమ్మాడు. ఇంకొకడు "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావురా!" అన్నాడు. అక్కడెవరూ ఆయన్ని పైవాడు అనలేదు. మేనేజర్ మొహం గంటుపెట్టుకుని, "ఆఫీసుకు రా" అన్నాడు. మధ్యాహ్నం దాకా రాతకోతలు జరిగాయి. సిగ్నల్‌మ్యాన్‌ని వెనక్కి పిలుస్తామన్నారు. ఈయన్ని క్రేను నుంచి తప్పించారు, డాక్టరుకు చూపించుకోమన్నారు. మళ్ళీ ఎప్పుడైనా ఎక్కనిస్తారా అని అడిగితే ఎవరూ అవుననలేదు. మా మరదలికిచ్చే పని కూడా ఆ పూటతో సరి.

ఆఫీసులోంచి బయటికొచ్చి, "వాళ్ళ ఉత్తరం వాడికి అందేలోపల నేను వెళ్ళాలి" అన్నాడాయన. టాక్సీలో ముగ్గురం వెళ్ళాం. సిగ్నల్‌మ్యాన్ ఉండే సందు మొదట్లో దిగి, మా మరదలు తోడు రాబోతే వద్దన్నాడు. మేము టాక్సీలోనే కూర్చున్నాం. డ్రైవరు విసుక్కుంటుంటే నేను కసిరాను. మా మరదలు నా చెయ్యి పట్టుకుంది, నా వేళ్ళు నొప్పి పుట్టేంత గట్టిగా. నేను విడిపించుకోలేదు.

అరగంటకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలుపు వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఏమన్నాడయ్యా? కొట్టాడా?" అని నేనే అడిగాను, ఆగలేక.

"కొడితే బాగుండేదమ్మా" అన్నాడు. "తిట్టను కూడా తిట్టలేదు. కూర్చోమనలేదు, నిలబడే చెప్పాను. అంతా విన్నాడు. విని, 'అయితే అన్నా, ఆ రోజు నా కట్టు సరిగ్గానే ఉందా?' అని అడిగాడు. ఉంది తమ్ముడూ అన్నాను. మళ్ళీ అదే అడిగాడు. ఉందన్నాను. మూడోసారి లోపలి నుంచి వాళ్ళావిణ్ణి పిలిచి, ఆవిడ ముందు చెప్పమన్నాడు."